ఓడిపోయినట్టు ధ్రువపత్రం

మా రాష్ట్రంలో ఇంతవరకు జరిగిన శాసనసభ ఎన్నికల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా ఓడిపోలేదు.

ఈ మాట నాది కాదు. ప్రభుత్వం వారు క్యాలికో అట్టతో, బంగారు రంగు అక్షరాలతో అచ్చువేయించిన ‘శాసనసభ ఎన్నికల సమగ్ర చరిత్ర’ అనే గ్రంథానిది. రెండు సంపుటాలూ కలిపి ఆరున్నర కిలోలు తూగుతాయి. చరిత్ర భారం అంటే ఏమిటో ఒంటిచేత్తో ఎత్తితే భుజానికి తెలుస్తుంది. ఆ గ్రంథం పుట్టిన ఆఫీసులో నేను గుమాస్తాను. పేరు సన్యాసిరావు. పేరుకే సన్యాసిని, ఇంట్లో అయిదుగురం. చరిత్ర సృష్టించామని చెప్పుకునేవాళ్ళు రాష్ట్రంలో బోలెడుమంది ఉన్నారు గానీ, దాన్ని టైపు చేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

శాసనసభ స్వర్ణోత్సవం రెండేళ్ళలోకి వచ్చిందనగా మా ఆఫీసుని పుట్టించారు. ‘శాసనసభ ఎన్నికల చరిత్ర సంకలన సంచాలకుల కార్యాలయం’ అని పేరు పెట్టారు. బోర్డు రాసిన పెయింటరుకి చోటు చాలక ‘కార్యా’ దగ్గర ఆపేశాడు. మిగిలిన ‘లయం’ లోపల జరిగేది. సంచాలకులు శ్రీ అనంతశయనం గారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు చెడగొట్టకూడదని, మధ్యాహ్నం పన్నెండు దాటితే కుర్చీలోనే శయనించేవారు. ఆ వేళప్పుడు ఆఫీసులో మెలకువగా ఉండే బాధ్యత సూపరింటెండెంట్ మార్తమ్మ గారిది. ఆవిడ మాట్లాడేది తక్కువ. మాట్లాడినరోజు మాత్రం ఎవరో ఒకరు సెలవు పెట్టాల్సి వచ్చేది.

ఇక అసలు సంగతి. మా ఆఫీసుని పుట్టించిన ఉత్తర్వులో ఆరో పేరా ఇలా ఉంది: “సదరు చరిత్రయందు పేర్కొనబడిన ఏ వ్యక్తి గాని, వారి వారసులు గాని అభ్యంతరము తెలుపని పక్షమున మాత్రమే దానిని ముద్రించవలెను.”

చూడ్డానికి ఎంత పెద్దమనిషి వాక్యమో! మేమూ అలాగే అనుకున్నాం. ఎనిమిది నెలలు కూర్చుని, ఏ నియోజకవర్గంలో ఏ ఎన్నికకి ఎవరు నిలబడ్డారు, ఎవరికెన్ని ఓట్లు, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసి, అభ్యంతరాలకి ముప్ఫై రోజులు గడువిచ్చాం. ముప్ఫై ఒకటో రోజుకి మా గదిలో కుర్చీలు కనిపించలేదు. ఆరువేల రెండువందల అభ్యంతరాలు!

గెలిచినవాళ్ళవి కొన్ని. నాలుగు ఓట్లతో గెలిచినాయన, నాలుగనేది తన హోదాకి తగ్గట్టు లేదని, దాని పక్కన ఉదారంగా కొన్ని సున్నాలు చేర్చమన్నాడు. అయిదు పార్టీలు మారినాయన పార్టీ పేరు చోట గీత గీసి వదిలెయ్యమన్నాడు, అవసరాన్నిబట్టి తానే నింపుకుంటాడట. మిగిలినవన్నీ ఓడినవాళ్ళవి, వాళ్ళ కొడుకులవి, మనవలవి. అందరి అభ్యంతరమూ ఒకటే. ఓడిపోవడం మీద అభ్యంతరం.

వెంటనే ఏడుగురితో ‘అభ్యంతరాల పరిష్కార సంఘం’ వేశారు. అనంతశయనం గారు అధ్యక్షులు. మార్తమ్మ గారు ఒకరు. ఒక న్యాయ సలహాదారు, ఒక భాషా నిపుణుడు, ఒక చరిత్ర ప్రొఫెసరు. ప్రజల తరఫున ఇద్దరు. ఆ ఇద్దరూ ఓడిపోయిన ఇద్దరు జమీందార్ల మనవలు. కమిటీ అంటే కమ్మటి టీ అనీ, ఉపసంఘం అంటే ఉప్మా సంఘం అనీ నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలిసింది. చరిత్ర ఎలా మారుతుందో మాత్రం ఆ సంఘానికి మినిట్సు రాశాకనే తెలిసింది.

“‘ఓడిపోయిన’ అను పదమునందు పరుషత్వము గోచరించుచున్నది,” అన్నాడు భాషా నిపుణుడు. “‘గెలుపు వాయిదా పడిన’ అనిన మృదువుగా నుండును.”

“ఎప్పటికి వాయిదా పడిందని రాయమంటారండీ?” అంది మార్తమ్మ గారు.

“తేదీ తరువాత తెలియజేయబడును.”

పెద్ద జమీందారు గారి మనవడికి నచ్చలేదు. “వాయిదా అంటే మా తాతగారు కోర్టు మెట్లెక్కినట్టుంది. అసలు ఓడిపోవడం మా వంశంలోనే లేదు. అంతగా అయితే రెండో విజేత అనుకోండి.”

అనుకున్నాం. దాంతో మూడో స్థానంలో ఉన్నవాళ్ళు తృతీయ విజేతలయ్యారు. ఒక నియోజకవర్గంలో పదిహేడుమంది నిలబడ్డారు కాబట్టి పదిహేడో విజేత దాకా వెళ్ళాం. ఆయన కొడుకు స్వయంగా ఆఫీసుకొచ్చి బల్ల గుద్దాడు. “మా నాన్నకి పదిహేడో నంబరేంటండీ? ఆయనేవన్నా సిటీ బస్సా?”

నంబర్లు తీసేశాం. నంబర్లు తీసేశాక ఓట్లు ఎందుకు, అవి చూసి జనం మళ్ళీ నంబర్లు వేసుకుంటారని ఓట్లూ తీసేశాం. ‘ఓటమి’లో ఓటు కాస్త విరిగైనా కనిపిస్తుంది, ‘గెలుపు’లో అదీ కనిపించదు గదా, ఏం ఫర్వాలేదన్నాడు ప్రొఫెసరు. అకారాది క్రమంలో పేర్లు వేస్తే ‘హ’తో మొదలయ్యేవాళ్ళు తమని చివరకి తోశారని ధర్నా చేశారు. చివరికి ప్రతి నియోజకవర్గానికీ పేర్లని గుండ్రంగా, బండిచక్రంలా అచ్చువెయ్యాలని తీర్మానమైంది. ఆ గ్రంథం చదవాలంటే ఇప్పటికీ పుస్తకమన్నా తిప్పాలి, పాఠకుడన్నా తిరగాలి.

అలా మా రాష్ట్రంలో పోటీ చేసిన పదకొండువేల నాలుగువందల ముప్ఫైమందీ గెలిచారు.

భవనాల శాఖ వాళ్ళు ఒక లేఖ రాశారు: సభలో ఉన్న ఆసనాలు రెండువందల చిల్లర, ఇంతమంది విజేతలు ఎక్కడ కూర్చున్నారో తెలుపగలరు. అనంతశయనం గారు పదకొండున్నరకే, అంటే పూర్తి స్పృహలో, జవాబు చెప్పి రాయించారు. “ఎన్నికలలో వీరందరూ నిలబడినట్లే రికార్డు కలదు. కూర్చున్నట్లు ఎక్కడను లేదు. కావున ఆసనముల ప్రశ్న ఉత్పన్నము కాదు.” శాసనసభ కాస్తా ఆసనం లేని సభ అయిపోయింది. భవనాల శాఖ తృప్తిపడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. న్యాయ సలహాదారు ఉత్తర్వుకి వెనకవైపు ఉన్న అనుబంధం చదివాడు. ప్రతి విజేత పేరు కిందా ‘సాధించిన పనులు’ అనే గడి ఉండాలి. అది ఖాళీగా ఉండరాదు.

“ఇన్నివేలమందికి పనులు ఎక్కణ్ణుంచి తేవాలండీ?” అన్నాను నేను.

అనంతశయనం గారు చిరునవ్వు నవ్వారు. “వీరి ఎన్నికల కరపత్రములున్నవి గదటయ్యా. అవకాశమిచ్చిన యెడల ఫలానా పని చేయుదుమని ప్రతివారును వాగ్దానము చేసినారు. ఇప్పుడు మనము అవకాశమిచ్చితిమి. కావున చేసినట్లే!”

కరపత్రాల కట్టలు విప్పి టైపు చేశాను. ఏడు రోజుల్లో మా రాష్ట్రానికి మూడువందల పదకొండు ఆసుపత్రులు, తొంభై ఏడు వంతెనలు, నాలుగు చక్కెర ఫ్యాక్టరీలు, ఎర్రబస్సు కూడా వెళ్ళని ఊళ్ళో ఒక విమానాశ్రయం వచ్చాయి. రెండు వేళ్ళతో ఇంత అభివృద్ధి సాధించిన గుమాస్తా ఇంకొకడు ఉంటాడనుకోను. ఆ ప్రతులు అన్ని శాఖలకీ, పంచాయతీలకీ ‘తగు చర్య నిమిత్తం’ వెళ్ళాయి. శాఖలు చాలా శ్రద్ధగా చదివి, తమ రిజిస్టర్లలో ఆ పనులన్నిటికీ ఎదురుగా ‘పూర్తయినది’ అని రాసుకున్నాయి.

ఇంక ఒక్క అభ్యంతరం కూడా లేదు. ప్రెస్సుతో మాటయింది. మంత్రిగారి ఆవిష్కరణకి తేదీ ఖాయమైంది. మూడు వారాలుంది.

అప్పుడొచ్చాడు సోమలింగం.

మంగళవారం పదకొండు గంటలకి. డెబ్బై ఏడేళ్ళ మనిషి, సన్నగా, తనే కుట్టుకున్న కాలరు లేని చొక్కా, మెడలో కొలతల టేపు. టేపు తీసి రావడం మర్చిపోయాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది ఆయనకి ఒంటిమీద ఉండే వస్తువుల్లో ఒకటని. చంకలో బొత్తాల డబ్బా.

“ఓటములు పోయినోళ్ళు ఇక్కడే రావాలాండి?” అన్నాడు.

“పోయినవి ఏమిటన్నారు?”

“ఓటములండి. తొమ్మిది. మా నాగులగూడెం నియోజకవర్గంలో తొమ్మిదిసార్లు నిలబడి తొమ్మిదిసార్లూ ఓడానండి. ఒక్కసారి కూడా తప్పలేదండి. ఇప్పుడేమో మీ బుక్కులో అన్నీ గెలుపులైపోయినయ్యంట.”

మార్తమ్మ గారు ఫైలు మూసి తలెత్తింది. “కూర్చోండి పెద్దాయనా. గెలిస్తే బాధేంటి మీకు?”

ఆయన కూర్చోలేదు. బొత్తాల డబ్బా మూత తీశాడు. లోపల బొత్తాలు లేవు, మడతలు పడ్డ తొమ్మిది రసీదులున్నాయి. “ఇయ్యి చూడండమ్మా. పోలైన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్టు పోద్ది గదండి. తొమ్మిదిసార్లూ పోయింది. ఇండిపెండెంటునండి. గుర్తు కుట్టుమిషను. నేను దర్జీవాణ్ణని అదే ఇమ్మని అడిగేవోణ్ణి. మా ఊరికీ బుసలపాడుకీ మధ్యన బుసలవాగుందండి. దాని మీద వంతెన కట్టాలని నిలబడ్డా. ఇంకో ముక్క మాట్లాడలేదెప్పుడూ.”

“మరి?”

“యాభయ్యేళ్ళకి ఈ సంక్రాంతెళ్ళాక వంతెన శాంక్షనైందండి! కొలతలు తీసుకెళ్ళారు. రాళ్ళు పాతారు. పోయిన నెల ఇంజనీరుగారు రాళ్ళు పీకించేశారు. ఏంటి బాబూ అంటే మీ బుక్కు చూపించారండి.”

ఆయన జేబులోంచి తీసిన లేఖ నేనే పైకి చదివాను. “బుసలవాగుపై వంతెన, తొమ్మిది పర్యాయములు విజేతయైన శ్రీ పడాల సోమలింగం గారిచే ఇదివరకే సాధింపబడినట్లు ప్రభుత్వ చరిత్ర వలన తెలియుచున్నందున, ఉన్న వంతెనపై మరల వంతెన నిర్మించుట నిబంధనలకు విరుద్ధము. కావున మంజూరు రద్దు పరచడమైనది.”

నా రెండు వేళ్ళూ బల్ల కిందకి దాచుకున్నాను.

“ఇంజనీరుగారు మంచోరేనండి,” అన్నాడు సోమలింగం. “‘నువ్వు ఓడినట్టు సీలేసిన గవర్నమెంటు కాయితం తే, వంతెన లేదని నేను రాసుకుంటా’నన్నారు. ఈ రసీదులు చూపిస్తే, ‘ఇందులో డబ్బులు పోయినయ్యని ఉంది గానీ నువ్వు ఓడిపోయావని లేదు గదయ్యా’ అన్నారు. నేను ఓడితేనే వంతెన లేనట్టు. లేకపోతేనే కడతారు. ఓ కాయితం ముక్క ఇప్పించండమ్మా.”

అనంతశయనం గారి గదిలోకి తీసుకెళ్ళాం. ఆయన ఫారాలు తిరగేశారు. “ఓటమిపై అభ్యంతరమునకు ఏడవ నంబరు ఫారము కలదు. గెలుపుపై అభ్యంతరమునకు ఫారము లేదు. ఫారము లేని బాధ బాధ కానేరదు.”

“అలాగాండి? అయితే ఏడో నంబరు మీదే గెలుపని రాసి పెడతానండి.”

పెట్టాడు. దాంతో మా కొంప మునిగింది. ఆరో పేరా ఉంది గదా, ఒక్క అభ్యంతరం ఉన్నా పుస్తకం అచ్చుకెళ్ళకూడదు. మంత్రిగారి తేదీ దగ్గరికొస్తోంది.

“పోనీ ఆయనొక్కరూ ఓడినట్టు రాసేస్తే?” అన్నాను.

న్యాయ సలహాదారు ఉలిక్కిపడ్డాడు. “ఒకరు ఓడినారనిన వారినెవరో ఓడించి యుండవలెను. ఓడించినవారు వేరు, ఓడించనివారు వేరు అగుదురు. పదకొండువేలమంది గెలుపు మరల విచారణకు వచ్చును. వలదు. స్థల పరిశీలన జరిపి వంతెన ఉన్నదని తేల్చుకొనుడు.”

పరిశీలన అంటే పరి‘శిల’న. ఎక్కడి రాయి అక్కడే ఉంటుంది. అయినా జీపు వేసుకుని బయల్దేరాం. అనంతశయనం గారు, మార్తమ్మ గారు, నేను. శ్రావణమాసం. బుసలవాగు పేరుకి తగ్గట్టే బుసలు కొడుతోంది. ఎర్రటి నీళ్ళు, మధ్యలో కొట్టుకుపోతున్న కొమ్మలు. రోడ్డు నీళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. జీపూ ఆగింది. గట్టు మీద సోమలింగం గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“వంతెన ఏది?” అన్నారు అనంతశయనం గారు దిగకుండానే.

“లేదండి.”

“రికార్డులో ఉన్నదయ్యా!”

“రికార్డులో దాటెయ్యొచ్చండి. ఇక్కడ దాటలేమండి.”

అనంతశయనం గారు నీళ్ళకేసి చాలాసేపు చూసి, నా వైపు తిరిగారు. “రాసుకోవయ్యా. నీటిమట్టము వంతెనకన్న అధికముగా నున్నందున వంతెన ప్రస్తుతము కానరాలేదు.”

“ఎండాకాలంలో కూడా కానరాదటండీ,” అంది మార్తమ్మ గారు.

“ఎండాకాలములో మనము రాము గదమ్మా.”

ఇంతలో అవతల ఒడ్డునుంచి తాటిదోనె బయల్దేరింది. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనెలో ఒక ముసలావిడ, ఒళ్ళో బెండకాయల బుట్ట. దోనె నడిపేవాడు గడకర్రతో ఏటవాలుగా తోస్తుంటే, అది మూడుసార్లు గిరగిరా తిరిగింది. మార్తమ్మ గారు నా చెయ్యి పట్టుకుంది. ఆ సంగతి అప్పుడు ఇద్దరం గమనించలేదు. ఆవిడ ఒడ్డెక్కి, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నేరుగా సోమలింగం దగ్గరికొచ్చింది.

“చిట్టెమ్మా, జారుద్ది, చూసి…” అంటున్నాడాయన.

“నాకు చెప్పమాక అన్నయ్యా! ఓటొచ్చిన కాణ్ణించీ నీ కుట్టుమిషను మీదే గుద్దాను గదా. గెలిచావంటగా? తొమ్మిదిసార్లంట! పంచాయతీ సెక్రట్రీ చదివి నీకు దండేశాడంట, నువ్వు ఏయించుకున్నావంట!”

“వద్దంటుంటే ఏసేశాడే…”

“మా ఆయన ఈ నీళ్ళలో కొట్టుకుపోయిన యేడు కూడా నువ్వేనంటగా గెలిచింది? గెలిచి ఊరుకున్నావా? నాకొక్క మాట చెప్పలేదే అన్నయ్యా?”

సోమలింగం గొడుగు దించాడు. వాన పడుతూనే ఉంది. మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని అలా నిలబడిపోయాడు. తొమ్మిది ఎన్నికల్లో నిలబడ్డ మనిషి అంత కష్టంగా నిలబడటం అదే మొదటిసారేమో. చిట్టెమ్మ బుట్ట నెత్తినెత్తుకుని, వెనక్కి చూడకుండా సంతకి వెళ్ళిపోయింది.

జీపులో తిరిగొస్తుంటే మార్తమ్మ గారు ఒక్క మాట అడిగింది. “సన్యాసిరావు గారూ, ‘ఓడిపోయెను’ అని రాయకూడదన్న నిషేధం దేనికి? చరిత్రకేనా, ఆఫీసు కాగితాలన్నిటికీనా?”

“చరిత్రకేనండి. తీర్మానంలో అలాగే ఉంది.”

“ఊఁ,” అంది.

ఆవిష్కరణ నాలుగు రోజుల్లోకి వచ్చింది. సోమలింగాన్ని పిలిపించి, ఆయన అభ్యంతరం మీద సంఘం సమావేశమైంది. ముందు బుజ్జగింపులు. పెద్ద జమీందారు మనవడు, “పోనీ పదో గెలుపు కూడా రాయిస్తాం, అదీ ఏకగ్రీవంగా,” అన్నాడు. ప్రొఫెసరు, ఆయన ఫొటో చక్రం మధ్యలో ఇరుసు దగ్గర వేయిస్తానన్నాడు.

“వద్దండి,” అన్నాడు సోమలింగం. “నాకు మొదటిసారి రెండొందల పన్నెండు ఓట్లొచ్చినయ్యండి. అప్పుడు మనిషికో పెట్టె ఉండేది గదండి, నా పెట్టెలో ఓట్లతోపాటు ఎవరో మందారప్పువ్వు కూడా ఏశారు. ఆఖరిసారి నూట నలభై. బుసలపాడోళ్ళు కొంతమంది ఊరొదిలేశారండి, కొంతమందిని వాగు తీసుకెళ్ళింది. ఆ ఓట్లన్నీ ఇక్కడ వంతెన లేదు బాబో అని చెప్పడానికి ఏసినయ్యండి. నేను గెలిచాననంటే, అయ్యన్నీ అబద్ధం చెప్పినట్టవుద్ది గదండి.”

పన్నెండుంపావు అయింది. అనంతశయనం గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని యోగనిద్రలోకి వెళ్ళారు.

న్యాయ సలహాదారు గొంతు సవరించుకున్నాడు. “అభ్యంతరమును ఓటింగు ద్వారా తిరస్కరించిన యెడల అభ్యంతరము లేనట్లే లెక్క. ఆరవ పేరా తృప్తి చెందును. అర్జీదారు వాదము సరియని భావించువారు చేతులెత్తవలెను.”

ఒక్క చెయ్యి లేచింది. గాజులున్న చెయ్యి.

“సరికాదని భావించువారు?”

ఐదు చేతులు లేచాయి. న్యాయ సలహాదారు అనంతశయనం గారికేసి చూశాడు. ఆయన చెయ్యి గడ్డాన్ని మోస్తూ పైకే ఉంది. “ఆరు,” అని లెక్కపెట్టాడు.

నేను మినిట్సు రాశాను. మార్తమ్మ గారు నా పక్కకొచ్చి నిలబడి, ఎలా రాయాలో చెప్పింది. రాసింది పైకి చదివాను. “సదరు ఓటింగునందు అర్జీదారు శ్రీ పడాల సోమలింగం, నాగులగూడెం నియోజకవర్గము, ఒకటికి ఆరు ఓట్లతో ఓడిపోయెను.”

“శివశివా!” అన్నాడు భాషా నిపుణుడు. “ఆ పదము నిషిద్ధము గదా!”

“చరిత్రలో నిషిద్ధమండి,” అంది మార్తమ్మ గారు. “ఇది చరిత్ర కాదు, మినిట్సు.”

“అయినను… ‘గెలుపు వాయిదా పడెను’ అనిన?”

“రాయిస్తాను,” అంది ఆవిడ. “వాయిదా పడితే మళ్ళీ విచారణ పెట్టాలి. నాలుగు రోజుల్లో మంత్రిగారొస్తున్నారు. పోనీ, ఓడిపోలేదని రాయమంటారా? ఆయన ఓడకపోతే అభ్యంతరం గెలిచినట్టు. అభ్యంతరం గెలిస్తే పుస్తకం ఆగినట్టు. ఎలా రాయమంటారో మీరే చెప్పండి.”

పెద్ద జమీందారు మనవడు అందరికన్నా ముందు కలం తీశాడు. “ఓడాడనే రాయండమ్మా, ఓడాడని రాయండి. మా తాతగారి పుస్తకం ఆగకూడదు.”

వరసగా సంతకాలయ్యాయి. మార్తమ్మ గారు అనంతశయనం గారి ముందు కాగితం పెట్టి చిన్నగా దగ్గింది. ఆయన ఉలిక్కిపడి లేచి, “ఎక్కడ?” అన్నారు. “ఇక్కడండి,” అంది. పెట్టేశారు. రాష్ట్రప్రభుత్వం గుండ్రసీలు వేసి, అర్జీదారుకి ధ్రువీకరించిన నకలు నేనే ఇచ్చాను.

సోమలింగం వరండాలో వెలుతురుకి పట్టుకుని ఆ కాగితం చదివాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికొచ్చాడు. సీలు మీద వేలు పెట్టి, సిరా ఆరిందో లేదో చూశాడు.

“నాకెన్ని పడ్డయ్యండి?”

“ఒకటి.”

“మొత్తం ఎన్నండి?”

“ఏడు.”

ఆయన వేళ్ళమీద ఏదో లెక్కేసుకున్నాడు. మొహం మెల్లగా విప్పారింది. “ఏడింటికొకటంటే ఆరో వంతు కూడా రాలేదండి! డిపాజిట్టు కూడా పోయినట్టే! పదోసారీ తప్పలేదండి.”

“అవునండి. అభినందనలు,” అన్నాను. నా ఉద్యోగ జీవితంలో ఓడినవాణ్ణి అభినందించడం అదొక్కసారే.

“ఆ ఒక్కటీ ఏసిందెవరండి?”

“ఓటు రహస్యమండి,” అన్నాను. తలుపు దగ్గర మార్తమ్మ గారు సైకిలు స్టాండు వైపు చూస్తూ నిలబడి ఉంది. అక్కడ సైకిళ్ళు తప్ప ఏమీ లేవు.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తొమ్మిది రసీదుల మీద ఉంచి, బొత్తాల డబ్బా మూత బిగించాడు.

అనుకున్న రోజున మంత్రిగారు గ్రంథం ఆవిష్కరించారు. ఎత్తలేకపోతే ఇద్దరు పట్టుకున్నారు. “మన ప్రజాస్వామ్యంలో ఓటమికి తావు లేదు,” అని ఉపన్యసించారు. సభలో ఉన్నవాళ్ళందరూ విజేతలో, విజేతల మనవలో కాబట్టి చప్పట్లు బాగా పడ్డాయి. అనంతశయనం గారికి పదోన్నతి వచ్చింది. ఇప్పుడాయన శాసనమండలి చరిత్రకి సంచాలకులు. అది పెద్దల సభ కాబట్టి అక్కడ కుర్చీలు మెత్తగా ఉంటాయట.

ఆర్నెల్ల తర్వాత మాకు ఇంజనీరుగారి ఉత్తర్వు ప్రతి ఒకటి వచ్చింది. “శ్రీ పడాల సోమలింగం ఓడిపోయినట్లు ప్రభుత్వ ముద్రతో రుజువైనందున, బుసలవాగుపై వంతెన లేదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. రద్దైన మంజూరు పునరుద్ధరింపబడినది.” అది మేం ఫైల్లో పెట్టుకున్నాం. గ్రంథంలో మాత్రం ఆ వంతెన ఇప్పటికీ ఉంది, రెండో సంపుటంలో. పుస్తకం కొంచెం కుడివైపు తిప్పితే కనిపిస్తుంది.

మరి కొన్నాళ్ళకి మార్తమ్మ గారి పేర ఒక కార్డొచ్చింది. అక్షరాలు కుట్టుపోగుల్లా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆవిడ చదివి, నాకిచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

“అమ్మా, రెండు స్తంభాలు లేచినయ్యి. మూడోదానికి గొయ్యి తవ్వుతున్నారు. చిట్టెమ్మకి మీ కాయితం చదివి వినిపించా. మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివా. ‘అదీ సంగతి. నువ్వు గెలిచేవోడివి కాదని నాకు తెలుసు అన్నయ్యా, ఊరికే నిన్ను అనేశాను’ అంది. బుట్టలో బెండకాయలన్నీ మా ఇంట్లో పోసెళ్ళింది.”